పక్కింటి గోడే సాక్షి: బోర్న్‌విల్‌లో ఒక జంట ఇంటి చెమ్మ కేసు

ఫోన్‌లో ఆయన మొదట అడిగింది రేటు గురించే. "గోడల్లోకి చెమ్మ ఆపే మందు ఎక్కించాలంటున్నారండీ. నాలుగు వేల ఎనిమిది వందల పౌండ్లట. ఇవ్వొచ్చంటారా?"

ఏ గోడకు, ఎందుకు అని అడిగితే జవాబు లేదు. ఒక మనిషి వచ్చాడట. రెండు సూదులున్న మీటరు గోడకు గుచ్చాడట. అది కీచుమనగానే నేల నుంచి చెమ్మ ఎక్కుతోందని రాసిచ్చి వెళ్లిపోయాడట. అరగంట పని.

ఇల్లు బర్మింగ్‌హామ్ నగరానికి దక్షిణాన ఉన్న బోర్న్‌విల్‌లో. 1905 ప్రాంతంలో కట్టిన సెమీ డిటాచ్డ్. వీధి పేరు, ఇంటి నంబరు రాయను. గుంటూరు వైపు దంపతులు, ఇద్దరు పిల్లలు, కొని రెండేళ్లయింది. వెనక గదిలో నేల నుంచి నడుము ఎత్తు దాకా గోడ తడి, పెయింట్ పొక్కులు. పై పడకగది మూలన నల్ల బూజు. చిమ్నీ గోడ మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక.

నేను ఇక్కడ పద్నాలుగేళ్లుగా పాత ఇళ్ల సర్వేలు చేస్తున్నాను. చెమ్మ కేసులు కొత్తేం కాదు. ఈ కేసు గురించి రాయడానికి రెండు కారణాలున్నాయి. మొదటి నెల నేను కూడా తప్పే చెప్పాను. ఆ తర్వాత సమాధానం దొరికింది కూడా మా క్లయింటు ఇంట్లో కాదు, గోడకు అవతలి వైపు.

ఒక కప్పు, రెండు గుమ్మాలు

ఇంగ్లండ్ రాని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. సెమీ డిటాచ్డ్ అంటే ఒక కప్పు కింద రెండిళ్లు. మధ్యలో ఒక ఉమ్మడి గోడ, మిగతా మూడు వైపులా గాలీ వెలుతురూ. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రతి పది కుటుంబాల్లో మూడు ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నాయి. లండన్‌లో సెయింట్ జాన్స్ వుడ్ దగ్గర ఐర్ ఎస్టేట్ కోసం 1794లో వేసిన ప్లాన్‌లోనే వరసగా జంట ఇళ్లు కనిపిస్తాయి. అప్పట్లో అది డబ్బున్నోళ్ల ముచ్చట. విడి బంగళా కట్టలేనివాళ్లు, రెండిళ్లు కలిపి ఒక పెద్ద బంగళాలా కనిపించేలా కట్టించుకునేవాళ్లు.

దాన్ని మామూలు జీతగాళ్ల దాకా తెచ్చినవాటిలో బోర్న్‌విల్ ఒకటి. అప్పటి బర్మింగ్‌హామ్ పేదల ఇళ్లు బ్యాక్ టు బ్యాక్‌లు. వెనకో ఇల్లు, పక్కల ఇళ్లు, మూడు గోడలు ఉమ్మడి. కిటికీ పెట్టుకోవడానికి ముందు గోడ ఒక్కటే. 1876లో నగరం కొత్తగా అలాంటివి కట్టకూడదని నిషేధించింది కానీ ఉన్నవాటిలో జనం తర్వాత కూడా దశాబ్దాల పాటు బతికారు. ఇంగే స్ట్రీట్, హర్స్ట్ స్ట్రీట్ మూల మీద, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నిలబెట్టిన అలాంటి ఒక వాడ ఉంది. మా ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. అది చూశాక బోర్న్‌విల్‌కి వెళ్తే ఇక నేను వివరించాల్సిన పనుండదు.

క్యాడ్‌బరీ సోదరులు చాక్లెట్ ఫ్యాక్టరీని నగరం మధ్య నుంచి ఇక్కడికి మార్చింది 1879లో. బోర్న్ అనే వాగు పేరుకు ఫ్రెంచి వాసన కోసం 'విల్' తగిలించారు. ఫ్రెంచి చాక్లెట్‌కి అప్పట్లో గిరాకీ మరి! జార్జ్ క్యాడ్‌బరీ 1893లో పక్కనే 120 ఎకరాలు కొని, 1895 నుంచి ఇళ్లు కట్టించడం మొదలుపెట్టాడు. ఆర్కిటెక్ట్ విలియం అలెగ్జాండర్ హార్వీ, అప్పటికి నిండా పాతికేళ్లు లేని కుర్రాడు. 1900లో జార్జ్ మొత్తాన్ని బోర్న్‌విల్ విలేజ్ ట్రస్టుకు రాసిచ్చేశాడు. ఇల్లు తన స్థలంలో నాలుగో వంతుకు మించి ఆక్రమించకూడదు, మిగతాది తోట. తోట చివర వరసగా ఆపిల్, పియర్, ప్లమ్ చెట్లు. సారా దుకాణం లేదు, ఆయన మద్యానికి దూరంగా ఉండే క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు. ఇళ్లు ఒక్క ఫ్యాక్టరీవాళ్ల కోసమే అనుకుంటారు చాలామంది, కాదు. బయటివాళ్లకూ మొదటినుంచీ ఇచ్చారు.

హార్వీ పనితనం ఎక్కడుందంటే, ఆ జంటను ఆయన ఒకే ఇల్లుగా గీశాడు. మా కేసులో ఇంటికి ముందు నిలబడితే మధ్యలో ఒకటే పెద్ద చిమ్నీ, దానికి అటూ ఇటూ సమానంగా వాలిన ఒకటే పెంకుల కప్పు. గుమ్మాలు రెండూ రెండు చివరల ఉంటాయి, రెండిళ్లవాళ్లు ఒకేసారి తలుపు తీసినా ఎదురుపడరు. ఆ కాలపు మామూలు వరస ఇళ్లలో వంటశాల వెనక్కి తోకలా పొడుచుకొచ్చి మధ్యగదికి వెలుతురు లేకుండా చేసేది. ఇక్కడి చాలా ఇళ్లకు ఆ తోక లేదు. అంతా అసలు కప్పు కిందే సర్దాడు. బాత్రూం పెట్టే వీలు లేని చిన్న ఇళ్లలో వంటగది నేలలోకే స్నానపు తొట్టె దించి, పైన పలక మూసేలా చేశాడు.

మా క్లయింటు ఇంటి డెకరేషన్ నుంచి వెనక పెరడు దాకా నేను చెప్పగలను కానీ, కేసుకు కావాల్సింది ఒకటే. గోడలు 9 అంగుళాల నిండు ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ లేదు. ఇటుకల మధ్య సున్నం. అడుగున తేమ పైకెక్కకుండా అడ్డుపొరగా రెండు వరసల స్టాఫర్డ్‌షైర్ నీలి ఇటుక. బర్మింగ్‌హామ్ పక్కనున్న బ్లాక్ కంట్రీ అనే ప్రాంతపు మట్టితో, బట్టీలో గాలి తగ్గించి కాల్చే ఇటుక అది. ఇనుములా ఉంటుంది, నీళ్లు పీల్చదు. నూట ఇరవై ఏళ్లయినా పాడవదు. అందుకే "చెమ్మ అడ్డుపొర పోయింది, మందు ఎక్కించాలి" అన్న కాగితం చదవగానే అనుమానం వచ్చింది.

నా తప్పు

అనుమానం వచ్చినా నేను వెళ్లిన దారీ సరైంది కాదు. మొదటిసారి వెళ్లిన రోజు సాయంత్రం వంటింట్లో రైస్ కుక్కర్, పక్క పొయ్యి మీద పప్పు కుక్కర్, రేడియేటర్ల మీద తడి బట్టలు, కిటికీలన్నీ మూసి. గాజు మీద నీళ్లు కారుతున్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను తీగ తెగి ఎన్నాళ్లయిందో. "ఇంకేముంది, ఆవిరే" అనేసుకున్నాను. మన ఇళ్లు చూసి చూసి ఈ ముక్క నోటికి రెడీగా ఉంటుంది. ఆ ఇంటావిడ మొహం చిన్నబోయింది. "అంటే నా వంట వల్లేనా అన్నయ్యగారూ?" అంది. ఏదో సర్దిచెప్పి, తేమ కొలిచే లాగర్లు నాలుగు గదుల్లో పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత వాళ్లు సంక్రాంతికి మూడు వారాలు ఇండియా వెళ్లారు. పొయ్యి వెలగలేదు, బట్టలు ఆరలేదు, హీటింగ్ మాత్రం కాస్త తగ్గించి వదిలారు. వచ్చాక లాగర్లు తీసి చూస్తే వంటగది, ముందుగది, పడకగది గ్రాఫులు వాళ్లు వెళ్లిన రెండో రోజుకే కిందికి దిగాయి. వెనక గది గ్రాఫు మాత్రం దిగలేదు. ఖాళీ ఇంట్లో ఒక గది తనంతట తాను తడిగా ఉంది. ఆ నీళ్లు గోడలోంచో నేల కిందినుంచో రావాలి, కుక్కర్లోంచి కాదు.

నేనా ఇంటావిడకు సారీ చెప్పాను. "పోనీలెండి, ఫ్యాను కూడా బాగుచేయించండి" అంది. ఆ మాట తర్వాత అవసరమైంది.

అవతలి సగం

పక్కింట్లో ఒక్కతే పెద్దావిడ. ఎనభై దాటాయి. పెళ్లయి కాపురానికి వచ్చిన ఇల్లు అదే. మా క్లయింటు పరిచయం చేస్తే, "చూసుకో నాయనా, దాచుకోవడానికేం లేదు" అన్నట్టు నవ్వి టీ పెట్టడానికి వెళ్లింది.

లోపలికి అడుగుపెడితే అద్దంలో చూసుకున్నట్టుంది. మాకు కుడివైపున్న మెట్లు ఇక్కడ ఎడమవైపు. అవే కొలతలు, అవే కిటికీలు, అదే ఏడాది ఇటుక, అదే మేస్త్రీ చెయ్యి. నేను ఎన్నో సెమీలు చూశాను కానీ ఈ ఆలోచన సరిగ్గా తట్టింది అప్పుడే. రోగిని ఒక్కణ్ణే చూసి రోగమేంటో చెప్పాల్సిన పని మాకు లేదు. కవలల్లో రెండోవాడు ఆరోగ్యంగా పక్కనే ఉన్నాడు. ఇద్దరికీ తేడా ఎక్కడుందో వెతికితే చాలు.

ఆవిడ వెనక గది పొడి. గోడకు ఎప్పటిదో సున్నపు ప్లాస్టరు, మీద కాగితం. సూది మీటరు ఉలకలేదు. నేనా మీటరు మీద పెద్దగా ఆధారపడను. అది కొలిచేది కరెంటు ఎంత పారుతుందో. గోడలో ఉప్పు ఉన్నా, మసి ఉన్నా తడి ఉన్నట్టే కీచుమంటుంది. అందుకని ఆవిడను అడిగి, కనిపించని మూలన చిన్న రంధ్రం చేసి, గోడ లోపలి పొడి తీసి కార్బైడ్ సీసాలో పరీక్షించాను. పొడిలోని నీళ్లు కార్బైడ్‌తో కలిస్తే గ్యాసు పుడుతుంది, ఆ ఒత్తిడిని బట్టి నీళ్లెంతో తెలుస్తుంది. నేల నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తులో ఆవిడ గోడ 1.8 శాతం. మా క్లయింటు గోడ అదే ఎత్తులో 7.5.

తర్వాత పెరట్లోకి వెళ్లాం. రెండు పెరళ్ల మధ్య కంచె పక్కన నిలబడి అటొకసారి ఇటొకసారి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఆవిడ వైపు గోడ అడుగున నీలి ఇటుక రెండు వరసలూ మట్టికి పైన కనిపిస్తున్నాయి. వాటి పైన మూడు జాలీ ఇటుకలు, చెక్క నేల కిందికి గాలి పోవడానికి. మా వైపు నీలి ఇటుక అసలు కనిపించదు. పాత ఓనరు ఎవరో పెరడంతా సిమెంటు పలకలు పరిచాడు, వాటి కింద ఇసుక, దాని కింద పాత కాంక్రీటు. లెవెల్ దాదాపు ఒక జానెడు పెరిగింది. మూడు జాలీల్లో రెండు సమాధి. పైనుంచి ఆ పలకల వాలు ఇంటి వైపుకే.

నియమం చిన్నదే. బయటి నేల అడ్డుపొరకు కనీసం 150 మిల్లీమీటర్లు కింద ఉండాలి. ఇక్కడ అడ్డుపొర చెక్కుచెదరలేదు, దాని నెత్తిమీద నుంచి నీళ్లు దాటిపోతున్నాయి. మందు ఎక్కిస్తే ఏమయ్యేది? నీళ్లు ఆ మందునూ దాటేవి.

లోపల నేల పలక ఒకటి లేపితే, గోడలో దిగిన రెండు దూలాల చివర్లు వేలితో నొక్కితే కేకులా దిగాయి.

తెనాలి నుంచి వచ్చిన సాక్ష్యం

పక్క గోడ సంగతి చెప్పాలి. నైరుతి వైపు, వాన నేరుగా కొట్టే గోడ. పై మూలన బూజు ఈ గోడకే. ఇటుకల మధ్య సందులు పూడ్చే పాయింటింగ్ మొత్తం ముదురు బూడిద సిమెంటు. పది పదిహేనేళ్ల కిందట ఎవరో చేయించారు. పాత సున్నాన్ని కట్టర్‌తో కోసినట్టున్నారు, ఇటుకల అంచుల మీద గాట్లున్నాయి. సిమెంటు గీతలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. పాడైంది ఇటుకలే. మొహాలు పెచ్చులు పెచ్చులుగా రాలి, సిమెంటు గీతలు బయటికి పొడుచుకొచ్చి, గోడంతా తేనెపట్టులా ఉంది.

దీన్ని మా క్లయింటుకు అర్థమయ్యేలా చెప్పడానికి కాస్త కష్టపడ్డాను. ఆయన సాఫ్ట్‌వేర్. "సిమెంటు గట్టిది కదండీ, గట్టిదైతే మంచిదే కదా?" అంటాడు. అప్పుడే వాళ్లమ్మగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. సోఫాలో కూర్చుని అంతా వింటున్న ఆవిడ ఉన్నట్టుండి, "మన పాతింటిదీ గానుగ సున్నమే కదరా. మీ నాన్న వెనక గోడకు సిమెంటు పూయించాక కదూ ఉప్పు పట్టి రాలింది" అన్నారు. ఇంకేం చెప్పాలి! గానుగలో ఎడ్లతో తిప్పించి నూరిన సున్నమూ, హార్వీ వాడిన సున్నమూ వరసకు దాయాదులు. గోడ తాగిన వాన నీళ్లు ఎండ కాయగానే ఆ మెత్తటి సున్నపు సందుల్లోంచి బయటికి ఆరిపోతాయి. ఆ సందులు సిమెంటుతో మూసేస్తే నీళ్లు ఇటుక మొహంలోంచే పోవాలి. చలికాలంలో అక్కడే గడ్డకట్టి ఉబ్బి ఇటుక మొహాన్ని ఊడగొడతాయి. పాయింటింగ్ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అరిగేదీ పోయేదీ అదే కావాలి. కొన్ని దశాబ్దాలకొకసారి మళ్లీ పూడ్చుకోవచ్చు, ఇటుకను అలా తెచ్చి పెట్టలేం.

పెద్దావిడ పక్క గోడ? భర్త బతికుండగా ఒకసారి చేయించారట, "పాతాయన, సున్నం తప్ప వాడనన్నాడు" అంది. ఇటుకలు ఇప్పటికీ నున్నగా ఉన్నాయి. ఒకటే ఒప్పుకోవాలి, ఆవిడ గోడ ఈశాన్యం వైపు, వాన తక్కువ. కవలలు ఇక్కడ పూర్తి కవలలు కారు. అందుకే ఈ ఒక్క విషయంలో పోలికను నమ్మకుండా, రాలిన ఇటుకల్నీ ఆ సిమెంటునూ నమ్మాను.

చిమ్నీ, అటక

మధ్య చిమ్నీలో ఆరు గొట్టాలు, వీళ్లవి మూడు, ఆవిడవి మూడు. ఆవిడవి తెరిచి ఉన్నాయి. వీళ్లవి పైన సిమెంటుతో మూసి, కింద పొయ్యిలు ఇటుకతో కట్టేసి ప్లాస్టరు చేశారు, గాలి రంధ్రం కూడా వదల్లేదు. లోపలికి ఇంకిన వానకు పోయే దారి లేదు. ఆ నీరు వందేళ్ల బొగ్గు మసిలోని లవణాలను కరిగించి గోడ మీదికి తెస్తుంది. టీ మరక అదే. ఎన్నిసార్లు పెయింటు వేసినా మళ్లీ వస్తుంది.

చిమ్నీ చూడ్డానికి అటక ఎక్కాం. టార్చి ఆపగానే చీకట్లో ఒక సన్నటి వెలుగు గీత. ఆవిడ అటకలో బల్బు వేసి ఉంది. ఉమ్మడి గోడ పైకి వెళ్లేకొద్దీ సగం ఇటుక మందానికి తగ్గి, కప్పు వాసాల కింద నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలేసి ఆగిపోయింది. పాత సెమీల్లో ఇది అరుదేం కాదు. కానీ ఒక ఇంట్లో మంట లేస్తే రెండో ఇంటి కప్పుకు పాకడానికి అడ్డేం లేదన్నమాట. చెమ్మకు పిలిస్తే వెళ్లినవాణ్ణి, రిపోర్టులో దీన్నే అన్నిటికంటే పైన రాశాను.

కాగితాలు

మన వీధుల్లో ఉమ్మడి గోడ అంటే సగం ఊరి తగువు. ఇక్కడ దానికి 1996 నాటి పార్టీ వాల్ చట్టం ఉంది. ఉమ్మడి గోడ మీద పని చేయాలంటే రెండు నెలల ముందు పక్కింటికి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాళ్లు 14 రోజుల్లో ఒప్పుకోకపోతే తగువు ఉన్నట్టే లెక్క, అప్పుడు ఇద్దరికీ కలిపి ఒక సర్వేయరో, ఇరువైపులా చెరొక సర్వేయరో దిగాలి, ఖర్చు పెరుగుతుంది. చిమ్నీ పై నాలుగు వరసలు విప్పి కట్టడానికీ, అటకలో సందు మూయడానికీ నోటీసు ఇచ్చాం. పెద్దావిడ మర్నాడే సంతకం చేసి, చిమ్నీ ఖర్చులో సగం తానే ఇస్తానంది.

ఇది కాక బోర్న్‌విల్‌కు తనదైన కట్టుబాటుంది. లీజు మీద ఉన్నవాళ్లు ఇంటిని స్థలంతో సహా కొనుక్కునే వీలిచ్చిన 1967 లీజ్‌హోల్డ్ చట్టం వచ్చాక, ఇళ్లు సొంతమైనా బయటి రూపం మార్చాలంటే ట్రస్టు అనుమతి ఉండాలనే ఏర్పాటు చేసుకున్నారు. పాత రూపాన్ని కాపాడాల్సిన ప్రాంతాలకు పెట్టే కన్సర్వేషన్ ఏరియా నియమాలు అదనం. మా క్లయింటుకు అటకలో గది వేసి కప్పు మీద డార్మర్ కిటికీ లేపాలని ఉండేది. వద్దన్నాను. అనుమతి సంగతి తర్వాత, ఒకే బొమ్మగా గీసిన కప్పులో సగానికి బుడిపె వస్తే ఆవిడ ఇల్లు కూడా ఒంటరిదైపోతుంది. ఆయనకు నా మాట నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

పని

ముందు పలకలు పీకి పెరడు దించాం, జాలీలు తెరిచాం, వాలు తోట వైపు మార్చాం. దూలాల చివర్లు కోసి కొత్త చెక్క అతికించాం. పాయింటింగ్ మే మధ్యలో మొదలైంది. సున్నానికి చలి పడదు, 5 డిగ్రీల కిందికి పోతే పని ఆపాలి. సిమెంటును ఉలి, సుత్తితోనే, పాతిక మిల్లీమీటర్ల లోతున తీయించాను. మిషన్ ముట్టుకోనివ్వలేదు. గోడకు ఎన్‌హెచ్‌ఎల్ 2 అనే మెత్తరకం సున్నం, చిమ్నీకి మాత్రం గాలివాన ఎక్కువ కాబట్టి కాస్త గట్టిరకం, 3.5. మొహం పోయిన ఇటుకల్లో మరీ పాడైనవి మార్చాం, కొన్నిటిని విప్పి వెనక్కి తిప్పి పెట్టాం.

ఒకచోట దెబ్బతిన్నాం. ఎండ బాగా కాసిన శుక్రవారం మేస్త్రీ ఒక పట్టీకి తడి గోనెగుడ్డ కప్పకుండా వెళ్లిపోయాడు. సోమవారం గోటితో గీస్తే పిండిలా రాలింది. సున్నం మెల్లగా ఆరాలి, లేకపోతే పట్టుకోదు. ఆ రెండు గజాలూ మళ్లీ తీసి చేశాం.

లోపల నడుము ఎత్తు దాకా జిప్సం ప్లాస్టరు కొట్టేసి సున్నపు ప్లాస్టరు పెట్టించాను. పొయ్యి గోడకు చిన్న జాలీ, పైన గొట్టాలకు గాలి ఆడే మట్టి మూతలు. మొత్తం కలిపి మందు కంపెనీ అడిగినదానికి దాదాపు రెట్టింపైంది. ఈ సంగతి ముందే చెప్పాను కాబట్టి గొడవ కాలేదు.

తర్వాత

నిండు గోడ అంగుళం ఆరడానికి సుమారు నెల పడుతుందని మాలో ఒక మోటు లెక్క. తొమ్మిది నెలలకు ఆ 7.5 శాతం 4కి వచ్చింది. రెండో చలికాలానికి 2.3. పెద్దావిడ గోడ అప్పుడు కూడా 1.8 దగ్గరే ఉంది.

టీ మరక ఆగింది. పడకగది మూల బూజు మాత్రం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. 9 అంగుళాల గోడ మూల చల్లగానే ఉంటుంది, ఆవిరి వచ్చి అక్కడే వాలుతుంది. చివరికి ఆ ఇంటావిడ చెప్పినట్టు ఎగ్జాస్ట్ ఫ్యాను బాగుచేయించాక ఆ మూల కూడా ఆరింది. అంటే మొదట నేనన్నదాంట్లో ఒక పావు వంతు నిజముంది. ఆ మాట ఆవిడ దగ్గర మళ్లీ ఎత్తలేదు.

ఇంకో పని మిగిలింది. రెండిళ్ల ముందూ సాగే గట్టర్ ఒక్కటే, దాని నీళ్లు దించే గొట్టం ఆవిడ వైపుంది, కానీ కప్పు కాలక్రమంలో కాస్త కుంగి వాలు మా వైపుకు తిరిగింది. పెద్ద వానకు నీళ్లు మా క్లయింటు గుమ్మం మీద పొర్లుతున్నాయి. వచ్చే నెల నిచ్చెన వేసి రెండు వైపులా లెవెల్ చూడాలి. ఆవిడ అప్పుడే ఫోన్ చేసి, ఏ రోజు వస్తున్నావో చెబితే టీకి పాలు తెప్పించి పెడతానంది.